ఇద్దరి ఓపిక ఒకటి కాదు: డాన్యూబ్ నది మీద దంపతుల తొలి ప్రయాణం

రాజమహేంద్రవరంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. యూరప్‌లో నది మీద ఓడ ప్రయాణం గురించి చెప్పమని అడిగారు. వెళ్ళాలనుకుంటున్న జంటలు ఇక్కడ చాలామంది ఉన్నారట, చాలా సంతోషం. నేను కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పాను. మావారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. నది మాట వస్తే మా ఇద్దరికీ కాలం తెలియదు, అందుకని టైమైతే మీరే చెప్పండి.

అరవై దాటిన దంపతులకు ప్రయాణంలో వచ్చే అసలు చిక్కు డబ్బూ కాదు, భాషా కాదు. ఇద్దరి ఓపికా ఒకేలా ఉండకపోవడం. ఒకరికి మోకాళ్ళ నొప్పి. ఇంకొకరికి పొద్దున్నే లేచి ఊరంతా చుట్టి రావాలని ఉంటుంది. బస్సు టూర్లలో దీనికి మందు లేదు. పొద్దున ఏడింటికల్లా సూట్‌కేసులు గది బయట పెట్టాలి, మధ్యాహ్నానికి ఇంకో ఊరు, రాత్రికి ఇంకో హోటలు. ఓపిక లేనివారు పళ్ళబిగువున నడుస్తారు, ఉన్నవారు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తూ నడుస్తారు. సాయంత్రానికి ఇద్దరికీ విసుగు. నది మీద ఓడలో ఈ ముడి విడిపోతుంది. గది మారదు, మంచం మారదు, ఊళ్ళే మన దగ్గరికి వస్తాయి. ఒకరు ఊళ్ళోకి వెళ్ళినా రెండోవారు డెక్ మీద కూర్చుని అదే ఊరిని చూడొచ్చు. జంటగా వెళ్ళేవాళ్ళకు నేను ఈ ప్రయాణం చెప్పడానికి కారణం ఇదే.

సముద్రం మీద తిరిగే క్రూజ్‌ని మనసులో పెట్టుకుని వెళ్ళకండి. అక్కడ మూడు వేలు, అయిదు వేల మంది ఉంటారు, ఈతకొలనులు, ఆటలు, నాటకశాలలు ఉంటాయి. నది ఓడలో మామూలుగా 150 నుంచి 190 మంది. ఒక భోజనశాల, ఒక కూర్చునే హాలు, పైన డెక్, అంతే. పొడవు 110 మీటర్లో 135 మీటర్లో ఉంటుంది కానీ, వెడల్పు చాలా ఓడలకు 11.4 మీటర్లు దాటదు. రైన్ నదిని డాన్యూబ్‌తో కలుపుతూ జర్మనీలో తవ్విన 171 కిలోమీటర్ల కాలువ ఒకటి ఉంది, 1992లో పూర్తయింది. దాని లాకులు, అంటే నీటిమట్టం మార్చి ఓడలను ఎక్కించి దింపే తలుపుల తొట్లు, 12 మీటర్ల వెడల్పు. ఆ లాకుల్లో పట్టాలి కాబట్టి చాలా ఓడలను అదే కొలతలో కడతారు. అటూ ఇటూ మిగిలేది ఒక్కొక్క జానెడు.

యూరప్‌లో ఓడలు తిరిగే నదులు చాలానే ఉన్నాయి. రైన్ మీద కోటలు ఎక్కువ. పోర్చుగల్‌లో డౌరో, ఫ్రాన్స్‌లో సేన్, రోన్ ఉన్నాయి. మొదటిసారి వెళ్ళే జంటకు నేను డాన్యూబ్ చెబుతాను, అందులోనూ జర్మనీలోని పసావ్ నుంచి హంగరీలోని బుడాపెస్ట్ దాకా. సుమారు 580 కిలోమీటర్లు, నాలుగు దేశాలు, వారం రోజులు. పసావ్ దగ్గరే ఎందుకు ఎక్కమంటున్నానంటే, దానికి కొంచెం పైన స్ట్రౌబింగ్ నుంచి ఫిల్స్‌హోఫెన్ వరకు డెబ్బై కిలోమీటర్ల మేర నదికి ఆనకట్ట లేదు. వేసవి చివర్లో అక్కడ నీరు తగ్గితే ఓడ కదలదు. న్యూరెంబర్గ్‌లోనో రెగెన్స్‌బర్గ్‌లోనో బయల్దేరే ప్రయాణాలకు ఆ గండం ఉంటుంది. పసావ్‌లో ఎక్కితే అది తప్పుతుంది.

పసావ్ చూసి తీరాల్సిన ఊరు. మూడు నదులు అక్కడ కలుస్తాయి. ఇన్ నది ఆల్ప్స్ మంచు కరిగిన నీటితో పాలు కలిపినట్టు లేత ఆకుపచ్చగా వస్తుంది. ఇల్జ్ చిన్నది, బవేరియా అడవుల్లోని బురద నేలల్లోంచి రావడంతో దాదాపు నల్లగా ఉంటుంది. మధ్యలో డాన్యూబ్, గోధుమ రంగు. కలిసిన తర్వాత కూడా కొంతదూరం మూడు రంగులూ పక్కపక్కనే నడుస్తాయి. సగటున చూస్తే అక్కడ డాన్యూబ్ కంటే ఇన్ నదే ఎక్కువ నీరు తెస్తుంది, అయినా కలిశాక పేరు డాన్యూబ్‌దే.

ఊరి టౌన్‌హాలు గోడ మీద పాత వరదల గుర్తులు ఉన్నాయి. గీత, పక్కన సంవత్సరం. 1501ది అన్నిటికన్నా పైన. దాని కింది వరసలో 2013 జూన్. ఆ జూన్‌లో నీరు 12.89 మీటర్లకు లేచింది. ఐదు వందల ఏళ్ళలో అంత నీరు రాలేదు. 86 గోదావరి వరద చూసినవాళ్ళం మనం. ఆ గోడ ముందు నిలబడితే గైడు చెప్పేదాకా ఆగనక్కర్లేదు, తల ఎత్తి ఆ గీతను చూస్తే చాలు, కింద బజారులో ఏ దుకాణం ఎంతవరకు మునిగి ఉంటుందో మనకే తెలిసిపోతుంది. మావారు అక్కడి నుంచి కదలలేదు. గుంపు చర్చి వైపు వెళ్ళిపోయింది. నేనూ వెళ్ళి చూసి వచ్చాను. ఓడ ఆ వీధి చివరే ఆగి ఉంది కాబట్టి ఒకరికోసం ఒకరు వెతుక్కోవాలన్న టెన్షన్ ఇద్దరికీ లేదు.

సాయంత్రం ఓడ కదిలాక మొదటి లాకులు యోఖెన్‌స్టైన్ దగ్గర వస్తాయి, జర్మనీ ఆస్ట్రియా సరిహద్దులో. ఆ లాకుల గురించి కొంచెం వివరంగా చెబుతాను. ధవళేశ్వరం లాకుల పక్కన పెరిగినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. మా అమ్మమ్మ తరం కాకినాడకు కాలువ మీద పడవలోనే వెళ్ళింది. కాటన్ దొర ఆనకట్ట కట్టిన 1852 నుంచీ మనకు ఈ పని తెలుసు: తలుపులు మూయడం, నీరు వదలడం, పడవ దిగడం. అక్కడ జరిగేదీ అదే పని, కాకపోతే 135 మీటర్ల ఓడతో.

చీకటి పడింది. ఓడ వేగం తగ్గించి లోపలికి జారింది. క్యాబిన్ తలుపు తీస్తే ఎదురుగా కాంక్రీట్ గోడ, చేయి చాపితే అందేంత దగ్గర. పాచి పట్టి, నీళ్ళు కారుతూ ఉంది. ఆ గోడలో నిలువునా ఒక గాడి, గాడిలో నీటి మీద తేలే ఇనుప దిమ్మ. డెక్ మీది కుర్రాడు ఒక్క విసురులో తాడును ఆ దిమ్మకు తగిలించాడు. వెనక తలుపులు మూసుకున్నాయి. మోటారు చప్పుడు పెద్దగా లేదు, ఓడ ఊగడమూ లేదు. గోడ మాత్రం పైకి పెరుగుతూ పోయింది. నీటితోపాటు ఓడా దిగుతుంది, దిమ్మా దిగుతుంది, అందుకని తాడును సడలించే పని ఉండదు. ఆ ఏర్పాటు చూసి మావారు ఎంత సంతోషించారో! సుమారు పది మీటర్లు దిగాక ముందు తలుపులు తెరుచుకున్నాయి. ఆస్ట్రియాలో లాకులు 24 మీటర్ల వెడల్పు, రెండు ఓడలు పక్కపక్కనే పట్టేస్తాయి. పక్క ఓడలోవాళ్ళు కిటికీలోంచి చేతులు ఊపారు. ఇలాంటి లాకులు ఆస్ట్రియా దాటేలోగా ఇంకా తొమ్మిది వస్తాయి. స్లొవేకియాలో గాబ్చికోవో దగ్గర లోతు ఇంకా ఎక్కువ. చాలావరకు రాత్రిపూట, మనం నిద్రలో ఉండగా దాటిపోతాయి. ఒక్కసారైనా మేలుకుని చూడండి.

మర్నాడు మెల్క్. కొండ మీద బెనెడిక్టైన్ సన్యాసుల మఠం. 1089 నుంచీ వాళ్ళు అక్కడ ఉన్నారు. ఇప్పుడు కనిపించే పసుపు రంగు భవనం 1702లో మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళకు పైగా కట్టారు. పైదాకా బస్సు వెళుతుంది కానీ, లోపల మెట్లూ, పొడవాటి వసారాలూ చాలా ఉన్నాయి. నేను వెళ్ళాను. ఆ గ్రంథాలయం చూడటానికే అంతదూరం వెళ్ళొచ్చు. నేల నుంచి కప్పుదాకా తోలు అట్టల పుస్తకాలు. మఠంలో ఉన్న చేతిరాత ప్రతులు రెండు వేలకు దగ్గర. మావారు ఓడలో ఉండిపోయారు. నేను తిరిగి వచ్చేసరికి ఆయన ఒక పుస్తకం నిండా అంకెలు రాసుకుని కూర్చున్నారు. ఒడ్డున కనిపించే కిలోమీటరు బోర్డులు అవి. రైన్ లాంటి కొన్ని నదులకు కిలోమీటర్లు పైనుంచి కిందికి లెక్కపెడతారు. డాన్యూబ్‌కు నల్లసముద్రం దగ్గర సులీనాలో సున్నా పెట్టి ఎగువకు లెక్కపెడతారు. పసావ్ దగ్గర 2,226. వియన్నా 1,929. బుడాపెస్ట్ 1,647. ఓడ దిగువకు పోతున్నకొద్దీ అంకె తగ్గుతుంది. నేను భూగోళం పాఠాల్లో నది పొడవు 2,850 కిలోమీటర్లని ఎన్నిసార్లు చెప్పానో. ఆ బోర్డులు ఒకటొకటిగా వెనక్కి పోతుంటే ఆ అంకె కళ్ళముందుకు వచ్చింది. నేను మఠం గురించి చెప్పాను, ఆయన బోర్డుల గురించీ, బొగ్గూ ఇసుకా మోసే బార్జీల గురించీ చెప్పారు. ఆ పూట భోజనం దగ్గర మాకు మాటలు తరగలేదు. ఇద్దరూ పొద్దున్నుంచీ ఒకే గుంపులో తిరిగి ఉంటే ఒకరికొకరు చెప్పుకోవడానికి ఏముంటుంది?

మెల్క్ నుంచి క్రెమ్స్ వరకు ముప్ఫై ఆరు కిలోమీటర్ల లోయ పేరు వాఖావ్. యునెస్కో 2000లో వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. ఇది పగటిపూట దాటే ఓడనే ఎంచుకోండి, టికెట్ కొనే ముందే అడగండి. రెండు పక్కలా రాతి గోడలు కట్టి మెట్లు మెట్లుగా పెంచిన ద్రాక్షతోటలు, మధ్యలో ఆప్రికాట్ తోటలు. ఆప్రికాట్ పండును పిండిలో చుట్టి ఉడికించి, వేయించిన రొట్టె పొడిలో దొర్లించి పెడతారు, తప్పకుండా తినండి. డ్యూర్న్‌స్టైన్ అనే చిన్న ఊళ్ళో నీలం తెలుపు చర్చి గోపురం, దాని పైన కొండమీద పాడుబడిన కోట. ఇంగ్లండు రాజు రిచర్డ్‌ను మత యుద్ధాల నుంచి తిరిగి వెళుతుండగా 1192 శీతాకాలంలో పట్టుకుని ఆ కోటలోనే బంధించారు. ఆ కొండ ఎక్కాలంటే ఓపిక కావాలి. ఆ మధ్యాహ్నం మేమిద్దరం ఎక్కడికీ వెళ్ళలేదు. డెక్ మీద రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

వియన్నాలో ఒక విషయం ముందే తెలియాలి. పాత నగరం నది ఒడ్డున లేదు. ఓడ రైక్స్‌బ్రూకె వంతెన దగ్గర ఆగుతుంది, అక్కడినుంచి యూ-1 మెట్రో పట్టుకుంటే పది నిమిషాల్లో స్టెఫాన్స్‌ప్లాట్స్, నగరం నడిబొడ్డు. మెట్రోలో లిఫ్టులున్నాయి. ఒక్క రోజులో రాజభవనాలూ మ్యూజియంలూ అన్నీ అంటే అయ్యే పని కాదు. ఒకటి ఎంచుకోండి, మిగతా సమయం ఏదైనా కాఫీ హోటల్లో కూర్చోండి. ఎంతసేపు కూర్చున్నా లేవమనరు. కుళాయి నీళ్ళు సీసాలో పట్టుకుని తాగొచ్చు, 1873 నుంచీ ఆ నగరానికి ఆల్ప్స్ ఊటల నీరు గొట్టాల్లో వస్తోంది. స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాలో ఓడ దిగితే పాత ఊరు అయిదు నిమిషాల నడక, అంతా చదును. మోకాళ్ళవాళ్ళకు అన్నిటికంటే హాయైన ఊరు అదే.

బుడాపెస్ట్‌కి రాత్రి దీపాల వేళ చేరే ఓడలు చాలా ఉన్నాయి. పార్లమెంటు భవనం 268 మీటర్ల పొడవునా వెలిగిపోతూ నీళ్ళమీద పడుతుంది. అవతల గుట్ట బుడా, ఇవతల మైదానం పెస్ట్. 1873లో ఈ రెంటినీ, పక్కనున్న ఒబుడా అనే ఊరితో కలిపి ఒక్క నగరం చేశారు. బుడా, పెస్ట్‌ల మధ్య మొదటి శాశ్వత వంతెన గొలుసుల వంతెన, 1849లో తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1945 జనవరిలో, వెనక్కి వెళుతున్న జర్మన్ సైన్యం పేల్చేసింది. తిరిగి కట్టి 1949లో తెరిచారు. ఇవన్నీ ఫోటోల్లో చూసే ఉంటారు. పొద్దున ఇద్దరూ కలిసి పార్లమెంటు నుంచి గొలుసుల వంతెన వైపు ఒడ్డునే నడవండి. చదునైన దారి. అక్కడ గట్టు అంచున ఇనుముతో పోత పోసిన చెప్పులు అరవై జతలు ఉంటాయి. మగవాళ్ళవి, ఆడవాళ్ళవి, పిల్లలవి. 1944-45లో అక్కడి ఫాసిస్టు ముఠా యూదులను ఆ గట్టు మీద నిలబెట్టి, జోళ్ళు విడిపించి, కాల్చి నదిలో పడేసింది. 2005లో ఈ స్మారకం పెట్టారు. దీన్ని గుంపుతో, గైడు మాటల మధ్య చూడవద్దని నా మనవి.

ఇక పనికొచ్చే సంగతులు. నీటిమట్టం గురించి ఏ కంపెనీ అయినా ముందు పెద్దగా చెప్పదు. 2018లో, 2022లో ఎండలకు రైన్ బాగా తగ్గిపోయి ఓడలు ఆగాయి. డాన్యూబ్‌కూ ఆ బాధ ఉంది. నీరు మరీ పెరిగినా చిక్కే, వంతెనల కింద ఓడ పట్టదు. అలాంటప్పుడు ప్రయాణికులను బస్సుల్లో ఇంకో ఓడకు మారుస్తారు, లేదా బస్సుల్లోనే తిప్పుతారు. అప్పుడు మనం తప్పించుకోవాలనుకున్న సూట్‌కేసుల గొడవ మళ్ళీ మొదటికొస్తుంది. అలా జరిగితే డబ్బు ఎంత వెనక్కిస్తారు, ఎన్ని రోజులకు ఇస్తారు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. మే, జూన్ నెలలు నాకు నచ్చినవి. జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబరు క్రిస్మస్ బజార్లు అందంగా ఉంటాయి గానీ నాలుగింటికే చీకటి, మన ఒంటికి ఆ చలి కష్టం.

క్యాబిన్ విషయంలో కింది అంతస్తు చవక. దాని కిటికీ నీటికి కాస్త పైన ఉంటుంది, తెరుచుకోదు. మధ్య అంతస్తులో నేల నుంచి కప్పుదాకా తెరుచుకునే అద్దాల తలుపు, బయట కమ్మీ ఉంటాయి. ఒకరు గదిలోనే ఎక్కువసేపు ఉండబోతున్నారంటే డబ్బు అక్కడ పెట్టండి, ఊరు ఊరుకీ అమ్మే అదనపు టూర్ల మీద కాదు. ఇంకోటి, రేవుల్లో ఓడలను పక్కపక్కన కట్టేస్తారు. ఒక్కోసారి తలుపు తీస్తే పక్క ఓడలో ఎవరో పళ్ళు తోముకుంటూ కనబడతారు. తెర వేసుకోవడం అలవాటు చేసుకోండి.

శాకాహారం కావాలంటే టికెట్ కొన్నప్పుడే రాయించండి, ఓడ ఎక్కాక రెండు మాటలు గుర్తుచేయండి. కందిపొడి, ఆవకాయ పట్టుకెళ్ళొచ్చు. పాలకోవా, నెయ్యి, నేతి మిఠాయిలు మాత్రం వద్దు. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలూ మాంసమూ తెస్తే కస్టమ్స్‌లో తీసేస్తారు.

షెంజెన్ వీసా అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు గడిపితే ఆ దేశానికే అడగాలి. రాత్రులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా ఉండాలి. ఆర్నెల్ల ముందే దరఖాస్తు చేయొచ్చు, ఆఖరి పక్షం రోజులదాకా ఆగొద్దు. భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉన్న జంటలు మనలో ఎక్కువ. దానివల్ల వీసా ఆగదు, పెళ్ళి సర్టిఫికెట్ కాపీ జతచేయండి. ఓడ టికెట్‌లో పేర్లు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. బుడాపెస్ట్ దాటి సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ వరకు వెళ్ళే ఓడ ఎంచుకుంటే, సెర్బియా షెంజెన్‌లో లేదు. ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసాతో బయటకు వెళితే మళ్ళీ లోపలికి రానివ్వరు. హంగరీలో యూరోలు కాదు, ఫోరింట్లు.

భద్రత గురించి అడుగుతారని తెలుసు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదాన్ని మన ఊరు మర్చిపోలేదు. అదే ఏడాది మే 29 రాత్రి బుడాపెస్ట్‌లో మార్గరెట్ వంతెన కింద ఒక పెద్ద నది ఓడ ఢీకొని చిన్న విహార పడవ మునిగిపోయింది. అందులో ఎక్కువమంది దక్షిణ కొరియా పర్యాటకులు, ఇరవై మందికి పైగా పోయారు. పెద్ద దేశం, మంచి నది అని ఊరికే నమ్మకం పెట్టుకోకూడదు. ఓడ ఎక్కిన మొదటిరోజే లైఫ్ జాకెట్ కట్టుకోవడం చూపిస్తారు. విశ్రాంతి పేరుతో దానికి వెళ్ళకుండా ఉండొద్దు, ఇద్దరూ వెళ్ళండి. క్యాబిన్‌లో జాకెట్లు ఎక్కడున్నాయో తీసి చూసి మళ్ళీ పెట్టండి. సాయంత్రాలు వేరే చిన్న పడవ ఎక్కాలనుకుంటే జాకెట్లు చేతికి ఇస్తున్నారో లేదో చూసి, వాన, వరద ఉంటే మానేయండి. ఆ రాత్రి బుడాపెస్ట్‌లో వాన పడుతోంది, నది నిండుగా పారుతోంది.

వీసాకు కావలసిన కాగితాల జాబితా జెరాక్సులు తీయించి తెచ్చాం, వెనక వరసలో మావారి దగ్గర ఉన్నాయి. లాకుల గురించి ఏమైనా సందేహం ఉంటే ఆయన్నే అడగండి, నాకంటే బాగా చెబుతారు. మిగతా ప్రశ్నలు నన్ను అడగండి.